ఛార్జింగ్ పెట్టిన నేరం

చిత్తూరు మిట్టూరులో గాజుల రంజాన్‌బీని ఎరగని ఆడమనిషి ఉండదు. ఎవరైనా ఉన్నారంటే ఈమధ్యే కాపురానికి వచ్చిన కొత్త కోడలై ఉండాలి. ఆ పిల్లకు కూడా ఒక పండగ తిరిగేలోగా తెలిసిపోతుంది. రంజాన్‌బీ అంగడి తెరుచుకుని కూర్చునే మనిషి కాదు. మొగుడు హిదాయతుల్లా పోయాక అతని గాజుల పెట్టె తానే ఎత్తుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. పాలవాడు గడప దగ్గర ఆగుతాడు, కూరగాయలామె వసారాలో ఆగుతుంది. రంజాన్‌బీ మాత్రం నేరుగా లోపలి గదిలోకి పోయి మంచం పక్కన చాప పరుచుకుంటుంది. ఆడవాళ్లు ఉంగరాలు, వాచీలు తీసి ఆ చాప మీదే పెట్టి, చేతికి సబ్బు నురగ రాసుకుని, నొప్పికి కళ్లు గట్టిగా మూసుకుంటారు. వాళ్లు కళ్లు మూసుకున్నంతసేపూ ఆ వస్తువులకు కాపలా ఆమే.

ఒకసారి పూతలపట్టులో పెళ్లికి పోయినప్పుడు ఎవరిదో ఉంగరం గాజుల కట్టల సందులో ఇరుక్కుని చిత్తూరు దాకా వచ్చేసింది. ఇంటికొచ్చి చూసుకున్న మనిషి అన్నం కూడా తినకుండా మళ్లీ బస్సెక్కి పోయి ఇచ్చి వచ్చింది. పెళ్లివాళ్లు అప్పటికి ఉంగరం పోయిందనే గమనించలేదు. అలాంటి మనిషిని దొంగ అన్నారు. అదీ ఎక్కడ? మదీనాలో, నలభై మంది యాత్రికుల ముందు. తలుచుకుంటే ఒళ్లు మండదా?

మక్కా యాత్రకు, ఉమ్రాకు పోవాలని ఆమెకు ఎన్నేళ్లుగానో కోరిక. కొడుకు షానవాజ్ మోటార్‌సైకిళ్ల మెకానిక్కు. వాడి షెడ్డు కాస్త నిలదొక్కుకున్నాక, తిరుపతి నుంచి ఏటా యాత్రికులను తీసుకుపోయే సలావుద్దీన్ గుంపులో తల్లి పేరు రాయించాడు.

యాత్రకు పోయేముందు వాళ్లకు ఒక ఆచారం ఉంది. తెలిసినవాళ్లందరి దగ్గరకూ పోయి ‘కహా సునా మాఫ్’ అని అడగాలి. నేను ఏమైనా అని ఉంటే, చేసి ఉంటే మన్నించండి అని. మనుషులను నొప్పించినవాళ్లు ఆ నొప్పి అట్లాగే ఉంచి దేవుడి ఇంటికి పోకూడదు. ఎంత మంచి ఆచారం! ఇప్పుడు దాన్ని కూడా ఫోన్లోకి ఎక్కించేశారు. ‘తెలిసో తెలియకో’ అని ఒక మెసేజ్ తయారుచేసి, గులాబీ పువ్వు బొమ్మ తగిలించి, ఉన్న నంబర్లన్నిటికీ ఒక్క దెబ్బతో పంపేస్తారు. అది వచ్చిన ఫోన్లోనే, దాని కిందనే, బట్టల కొట్టువాడి ఆషాఢం డిస్కౌంటు మెసేజ్ ఉంటుంది. రెండిటికీ పెద్ద తేడా కనిపించదు.

రంజాన్‌బీ అట్లా కాదు. ప్రతి గడపా ఎక్కింది. ఎక్కడమే కాదు, తాను చేసిందేమిటో చెప్పి మరీ అడిగింది. పూతలపట్టులో రైతు ఇల్లాలు శకుంతలమ్మ ఆమెకు పాత వాడుక. ఆమెకైతే నవ్వొచ్చింది.

“నువ్వు నన్నేం జేసినావని మాఫ్ అడగతా ఉండావు మే?”

“మీ పాప ఐశ్వర్యకు పెండ్లి గాజులు ఏసేటప్పుడు ఒగటి పగిలి చెయ్యి గీరుకునింది గదా. పిల్ల చెయ్యి కదిలిచ్చింది అని నీతో చెప్పినాను. పిల్ల కదిలీలేదు శకుంతలమ్మా. నా తొందరే.”

శకుంతలమ్మ నవ్వు ఆపేసి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పక్కింట్లో పోట్లాడి మాటలు లేని మనిషి దగ్గరకు కూడా రంజాన్‌బీ అట్లాగే పోయింది. అట్లా ఎవరి మీదా మనసులో ఏమీ పెట్టుకోకుండా చెన్నైలో విమానం ఎక్కింది.

మదీనాలో ఆఖరి రోజు అది. మధ్యాహ్నం నమాజు అయ్యాక, మసీదులో ఆడవాళ్లు నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునే కొళాయిల దగ్గర, గోడ మీద నల్ల కవరున్న ఫోను ఒకటి బోర్లా పడి ఉండడం చూసింది. చుట్టూ అంతా నల్ల బురఖాలే. ఎవరిదని తెలుస్తుంది? చేతిలో ఎత్తి పట్టుకుని అక్కడే నిలబడింది. కనిపించినవాళ్లకల్లా చూపించి, నీదా, నీదా అని సైగ చేసింది. టర్కీ ఆవిడ ఒకరు కాదని తల అడ్డంగా ఊపింది, ఇంకొకామె తన ఫోను తీసి చూపించింది. నేల తుడిచే బంగ్లాదేశీ అమ్మాయి, పోయిన వస్తువులు ఇచ్చే ఆఫీసు బయట ఎక్కడో ఉందని చెయ్యి చూపింది. రంజాన్‌బీ అటు పోయింది. మసీదు ముంగిట్లో అన్నీ ఒకే రకం పెద్ద గొడుగులు, ఒకే రకం గేట్లు. కాసేపటికి తన హోటలు ఏ దిక్కో కూడా తెలియలేదు. ఎవరో హైదరాబాదువాళ్లు దారి చూపిస్తే హోటలుకు వచ్చి పడింది.

కింద హాల్లో సలావుద్దీన్ రెండు చెవులకూ రెండు ఫోన్లు పెట్టుకుని, మక్కాకు పోయే బస్సు గురించి ఎవరి మీదో అరుస్తున్నాడు. రంజాన్‌బీ ఫోను అతని ముందు పెట్టింది.

“అబ్బా సలావుద్దీన్, ఇది వజూ కాడ దొరికింది. ఆ ఆఫీసు యాడుండాదో నాకు తెలీలేదు. నువ్వు పెట్టుకో.”

“నాకెందుకమ్మా, నా తలకాయ తిరగతా ఉండాది. మీ దగ్గరే పెట్టుకోండి. పొద్దున సూస్తాం” అన్నాడు అతను, ఫోను వైపు చూడను కూడా చూడకుండా.

ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. అతను మాత్రం పెట్టుకోలేదు.

ఫోనులో ఛార్జింగ్ అయిపోయి ఉంది. మీట ఎంత నొక్కినా వెలగలేదు. పాపం ఎవరిదో, ఎంత వెతుక్కుంటూ ఉందో, దీనికి ప్రాణం వస్తే ఎవరో ఒకరు ఫోను చెయ్యరా, అప్పుడు చెబుదాం అనుకుంది రంజాన్‌బీ. ఇంతకన్నా మంచి ఆలోచన ఎవరికి వస్తుంది? కానీ ఆమె ఛార్జరు సన్న మూతిది, ఈ ఫోనుకు పట్టదు. పట్టినా గోడలో పెట్టే వీల్లేదు. మనవి గుండ్రటి పుల్లలు, అక్కడ గోడకు ఉన్నవి మూడు పలక రంధ్రాలు. ఇన్నాళ్లూ తన ఫోనుకు ప్లగ్గు ఇస్తున్న గదిలోని ఆడవాళ్లను అడిగితే, ఎవరి ఫోన్లు వాళ్లు ఛార్జింగు పెట్టుకుని ఉన్నారు, ఇప్పుడు తీసేది లేదన్నారు. రంజాన్‌బీ కిందికి దిగి పక్కనున్న అంగడికి పోయింది. వీధివాళ్లకు పంచడానికి ఖర్జూరాలు కొందామని దాచుకున్న రియాళ్లలో కొన్ని ఇచ్చి, ఒక తెల్ల వైరూ, పలక పుల్లల ప్లగ్గూ కొనుక్కుని వచ్చింది. ఖర్జూరం మనిషికి ఒకటి తగ్గితే ఎవరూ ఏమీ అనుకోరులే అనుకుంది.

వైరు తగిలించింది. కాసేపాగి మీట నొక్కి పట్టుకుంటే ఫోను వెలిగింది. వెలిగిన మరుక్షణమే మోగింది. ఆమె మొహం విప్పారింది.

“సలామలేకుం బాబూ, ఈ ఫోను నా దగ్గర భద్రంగా ఉండాది, మేము చిత్తూరోళ్లం…” అని ఆమె మొదలుపెట్టిందో లేదో, అవతల ఒక మగ గొంతు కయ్యిమని లేచింది. “ఎవరు నువ్వు? నా పెండ్లాం ఫోను నీ దగ్గరకెట్ల వచ్చె? మధ్యాన్నం నుంచి స్విచ్ ఆఫ్ చేసి పెట్టుకుని ఇప్పుడు తీస్తావా?”

ఆ ఫోను వాళ్ల గుంపులోనే ఉన్న సమీరాది. తిరుపతిలో పెద్ద బట్టల కొట్టు ఆసామి భార్య. ఆమెకు వేరే గది, వేరే భోజనం. పొద్దున్నుంచీ వీడియోలు తీసి తీసి ఛార్జింగు అయిపోగొట్టుకుంది. వజూ చేసుకుంటూ గోడమీద పెట్టి మరిచిపోయి, బజారులో ఎవరో కొట్టేశారని సాయంత్రమంతా ఏడ్చింది. తిరుపతి నుంచి మొగుడు ఇప్పుడు సలావుద్దీన్‌కు ఫోను చేశాడు. సలావుద్దీన్ సమీరాను వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. వాళ్ల వెనకే గుంపంతా వచ్చింది. గది తలుపు తీసే ఉంది. రంజాన్‌బీ ఫోను పట్టుకుని, ఇదిగో అమ్మా అని నవ్వుతూ లేచి నిలబడింది.

సమీరా ఫోను వైపు చూడలేదు, వైరు వైపు చూసింది.

“ఈ వైరు ఎవురిది?”

“ఇప్పుడే కొనుక్కోనొచ్చినా తల్లీ, నా ఫోనుది దీనికి పట్టలేదు.”

“కొన్నావా?” సమీరా వెనకనున్న వాళ్ల వైపు తిరిగింది. “ఇన్నారా? దొరికిన ఫోనుకు ఎవురైనా సొంత దుడ్లు పెట్టి కొత్త వైరు కొంటారా? ఉంచుకోవాలని కాకపోతే?”

అందరూ తలలూపారు. అవును, అది నిజమే, ఎవరైనా కొంటారా? ఆ మాటలో ఉన్న ఘోరం ఎవరికీ తగల్లేదు. పరాయివాళ్ల కోసం తన చేతిది ఒక్క పైసా పెట్టే మనిషి లోకంలో ఉండదని వాళ్లకు అంత గట్టి నమ్మకం. అందుకని పెట్టిన మనిషి దొంగే అయి తీరాలి! మక్కా మదీనాలు చూడడానికి వచ్చినవాళ్లు ఆలోచించే తీరు ఇది.

రంజాన్‌బీ సలావుద్దీన్ వైపు తిరిగింది. “అబ్బా, నీకు చెప్పినా గదా? హాల్లో నీ ముందర పెట్టినా గదా?”

సలావుద్దీన్ గడ్డం సవరించుకున్నాడు. సమీరా సాయంత్రమంతా అతని ముందే ఏడ్చింది. ఫోను దొరికిన సంగతి తనకు ముందే తెలుసు, పట్టించుకోలేదు అంటే, ఆ బట్టల కొట్టు ఆసామి ఊరుకుంటాడా? ఏటా అతని తరఫున ఎంతమంది యాత్రకు వస్తారు?

“నాకా? మీరు బస్సు గురించి ఏదో అడిగినట్టుండాది. ఫోను మాట నాకు చెప్పలేదమ్మా” అన్నాడు.

గడ్డం పెంచిన మనిషి, నలుగురికి నమాజు నేర్పే మనిషి, ప్రవక్త మసీదు దీపాలు కిటికీలోంచి కనిపిస్తుండగా అంత సునాయాసంగా అబద్ధం ఆడాడు. అతనికి నాలుక తడబడలేదు. తడబడింది రంజాన్‌బీకే.

అంతటితో అయినా బాగుండేది. సమీరా ఫోను చేతిలోకి తీసుకుని, తెల్ల వైరు పీకి మంచం మీద పడేసి, అందరూ వినేట్టు అంది. “పోనీలే ఖాలా. అల్లా ఇంటికొచ్చి ఉండాము. నిన్ను నేను మాఫ్ చేసినాను.”

చుట్టూ ఉన్నవాళ్లు ఆహా అన్నారు. ఎంత పెద్ద మనసు అన్నారు. దొంగ అన్నప్పుడు కూడా రంజాన్‌బీకి అంత మంట పుట్టలేదు. చెయ్యని తప్పుకు మాఫీ ఇచ్చేస్తే ఇక ఆ తప్పు చేసినట్టే కదా. కాదని వాదించే దారి కూడా మూసేసినట్టే కదా. దొంగ అన్న మాటను పోట్లాడి కడుక్కోవచ్చు, ఈ మాఫీని ఎట్లా కడుక్కోవాలి? తెల్లవారితే మక్కా యాత్ర దీక్ష, ఇహ్రామ్ కట్టుకోవాలి. ఇహ్రామ్‌లో గొడవ పడకూడదు, ఒకరిని ఒక మాట అనకూడదు. రంజాన్‌బీ పళ్లు బిగించుకుంది. మక్కాలో కాబా ముందు నిలబడి అందరికోసం వేడుకుంటూ దువా చేసింది. ఆ ఇద్దరి పేర్లు వచ్చేసరికి నోరు పెగల్లేదు. యాభై ఎనిమిదేళ్లు వచ్చాక, ఇంత దూరం వచ్చి, దువా కూడా నిండుగా చెయ్యలేకపోయానే అని అక్కడ ఆమె ఏడ్చిన ఏడుపు వేరే.

మనుషులు విమానంలో వచ్చేలోగా మాట ఫోన్లలో వచ్చేసింది. ఖర్జూరాలు పట్టుకుని ఇల్లిల్లూ పోతే, కళ్లకద్దుకుని తీసుకున్నారు. కానీ ఇంతకు ముందు లోపలి గదిలో చాప పరిచే చోట్ల, “ఈడనే గాలొస్తాది, వసారాలో కూర్చుందాం” అనడం మొదలైంది. షానవాజ్ పానా చేతిలో పట్టుకుని ఎగిరాడు. “పదమ్మీ తిరుపతికి! వాళ్ల అంగడి ముందరే నిలబడి అడగతాను.”

“నువ్వు పోతే కొట్లాట అయితాది, నా మింద పడిన మాట యాడికి పోతాది?” అని ఆపింది తల్లి. ఆ తెల్ల వైరును మాత్రం పారెయ్యలేదు. గాజుల పెట్టె అడుగున చుట్టి పెట్టుకుంది. తన ఫోనుకు సరిపోతుందని కొడుకు అడిగినా ముట్టనివ్వలేదు.

కూతురు ఐశ్వర్య సీమంతానికి శకుంతలమ్మ ఎప్పటిలాగే పిలిచింది. ఎప్పటిలాగే లోపల, బీరువా పక్కనే చాప వేయించింది. కడుపుతో ఉన్న పిల్ల చేతికి రంజాన్‌బీ పచ్చ గాజులు ఒక్కొక్కటే ఎక్కిస్తుంటే, శకుంతలమ్మ ఆడపడుచు వసంతమ్మ మెల్లిగా లేచి వచ్చింది. చాప అంచున ఉన్న తన హ్యాండ్‌బ్యాగు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఊరికే తీసి పెట్టుకుంది, అంతే. రంజాన్‌బీ చేతిలో గాజు పుటుక్కుమంది.

“ఆ సంచి ఆడనే పెట్టు వసంతా” అంది శకుంతలమ్మ, అందరికీ వినపడేట్టు.

వసంతమ్మ పెట్టింది. కానీ ఇట్లా గట్టిగా చెప్పే శకుంతలమ్మలు ఊరికి ఎంతమంది ఉంటారు? మిట్టూరులో రంజాన్‌బీని లోపలికి పిలిచే ఇళ్లు రానురాను వేళ్ల మీద లెక్కపెట్టే దాకా వచ్చాయి.

మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం, మనుషులే ఇబ్బందిగా తిరిగే ఆ సందులోకి ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. దిగింది సమీరా. ఆమె, మొగుడు హజ్‌కు పోతున్నారట. ఊళ్లో ఉన్న చుట్టాలను చూసి మాఫ్ అడుగుతూ, ఎవరో గుర్తు చేస్తే ఇక్కడికీ వచ్చింది. ఇంజన్ ఆపవద్దని డ్రైవరుకు చెప్పి, గడప దగ్గరే నిలబడింది.

“ఖాలా, హజ్‌కు పోతా ఉండాము. తెలిసో తెలీకో ఏమైనా అని ఉంటే కహా సునా మాఫ్ చెయ్యి.”

రంజాన్‌బీ గాజులు విడదీస్తూ కూర్చుని ఉంది. తల ఎత్తి చూసింది.

“దేనికి?”

“అదే ఖాలా, ఏదో… అందరినీ అడగతారు గదా.”

“అందరి సంగతి నాకెందుకు? నన్ను దేనికి అడగతా ఉండావు, అది చెప్పు. తెలిసి చేసింది తెలిసినట్టే అడగాల. ‘తెలిసో తెలీకో’ అంటే నేను మాఫ్ చెయ్యను.”

సమీరా మొహం పాలిపోయింది. మాఫ్ చెయ్యను అనే మాట ఆ ఆచారంలో ఎవరూ అనరు. అడిగేవాళ్లు ఊరికే అడుగుతారు, ఇచ్చేవాళ్లు ఊరికే ఇచ్చేస్తారు. ఎదుటి మనిషి మాఫ్ చెయ్యకుండా హజ్‌కు పోవాలంటే ఆమెకు భయం వేసింది. గడప దాటి లోపలికి వచ్చి, స్టూలు మీద కూర్చుంది.

“ఆ పొద్దు… ఫోను సంగతి” అంది చిన్నగా. “నిన్ను అనకుండా ఉండాల్సింది.”

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“ఆ రాత్రే అనిపించింది ఖాలా. దొంగ అయితే మా ఆయన ఫోను చేస్తే ఎత్తి సలాం చెప్తాదా అని. కానీ అందరి ముందర అనేసినాను. మళ్లా యా మొహంతో తిప్పుకునేది?”

రంజాన్‌బీ విడదీస్తున్న గాజులు కింద పెట్టేసింది.

“నీ మొహం సంగతి నీకు తెలిసె. నా మొహం? ఆడోళ్లు నన్ను సూసి సంచులు ఒళ్లో పెట్టుకుంటా ఉండారు. నేను గాజులు ఏసి బతికేదాన్ని తల్లీ. నన్ను లోపలికి రానిస్తేనే నాకు కూడు. దొంగ అంటివి, సరే. మాఫ్ చేసినాను అంటివి సూడు, అది ఇంకా నా గొంతులోనే ఉండాది, దిగలా.”

సమీరా కళ్లనీళ్లు పెట్టుకుని ఆమె చెయ్యి పట్టుకోబోయింది. “తప్పయిపాయె ఖాలా. నువ్వు దొంగవి కాదు.”

“నాకు చెప్తే ఏం లాభం? నేను కాదని నాకు తెలీదా? ఆ పొద్దు ఎవురెవురు ఇన్నారో వాళ్లకు చెప్పు. మన యాత్రోళ్ల వాట్సాప్ గ్రూపు ఉండాది గదా, శుక్రవారం శుక్రవారం పువ్వులు పంపిస్తా ఉంటారు. దాంట్లో నీ గొంతుతో చెప్పు.”

సమీరా తటపటాయించింది. ఆ గ్రూపులో ఆమె మొగుడి వ్యాపారం మనుషులంతా ఉన్నారు. హ్యాండ్‌బ్యాగులోంచి ఫోను తీసి చూసి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది.

“అయ్యో ఖాలా, పొద్దున్నుంచీ అందరికీ ఫోన్లు చేసి చేసి ఛార్జింగు అయిపోయింది. ఇంటికి పోయినాక తప్పకుండా…”

అదే ఫోను. అదే నల్ల కవరు. మూల కాస్త చిరిగింది.

రంజాన్‌బీ గాజుల పెట్టె ముందుకు లాక్కుని, కట్టలన్నీ తీసి పక్కన పెట్టి, అడుగున చుట్టి ఉన్న తెల్ల వైరు బయటికి తీసింది. కొడుకు ఫోను ప్లగ్గు తెచ్చి దానికి బిగించి గోడకు పెట్టింది. చెయ్యి చాపింది.

“ఇయ్యి. నీ ఫోనుకే కొన్న్యాను దీన్ని. ఎక్కేదాకా కూర్చో. నాకేం తొందర లేదు.”

సమీరా ఆ వైరును గుర్తుపట్టింది. తల దించుకుని ఫోను ఇచ్చింది. బయట కారు బుర్రుమంటూనే ఉంది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. రంజాన్‌బీ ఆమెకు మంచినీళ్లు ఇచ్చి, మళ్లీ గాజులు విడదీస్తూ కూర్చుంది. కాసేపటికి సమీరా తానే లేచి పోయి, ఇంజన్ ఆపెయ్యమని చెప్పి వచ్చింది.

ఫోను వెలిగింది. రంజాన్‌బీ వైరు పీకకుండానే దాన్ని ఆమె చేతికి ఇచ్చింది. సమీరా గోడ పక్కనే నిలబడి, నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడింది.

“నేను సమీరాను. మదీనాలో రంజాన్‌బీ ఖాలా నా ఫోను దొంగిలించలేదు. దొరికితే, నాకు ఇయ్యాలని సొంత దుడ్లతో వైరు కొని ఛార్జింగు పెట్టింది. నేను అందరి ముందర దొంగ అన్న్యాను. అది కాదని ఆ రాత్రే తెలిసినా నోరు మూసుకోనుండాను. ఫోను దొరికిన పొద్దే ఆమె సలావుద్దీన్ భాయ్‌కి చెప్పినాది. తప్పు నాది. ఖాలాను మాఫ్ అడగతా ఉండాను.”

కిటికీలో పెట్టి ఉన్న రంజాన్‌బీ ఫోను టింగుమంది. ఆమె దాన్ని తీసి, చెవి దగ్గర పెట్టుకుని, మొదట్నుంచి చివరిదాకా విన్నది. ఎదురుగా ఆ మనిషి నిలబడి ఉన్నా, మళ్లీ ఇంకోసారి విన్నది.

“ఇప్పుడు మాఫ్ చేసినాను” అంది. “పోయి రా తల్లీ. నా కోసరం కూడా దువా చెయ్యి.”

సమీరా పోయాక ఫోను టింగుటింగుమని మోగుతూనే ఉంది. ఎవరెవరో ఏడుపు బొమ్మలు, పువ్వులు. మాకు అప్పుడే తెలుసు అన్నవాళ్లు కూడా ఉన్నారు! తెలిసినవాళ్లు ఏడాదిపాటు ఏ గుహలో ఉన్నారో. ఆఖరున సలావుద్దీన్ కూడా ఒకటి పెట్టాడు. మాట కాదు, రెండు చేతులు జోడించిన పసుప్పచ్చ బొమ్మ, అంతే.

రంజాన్‌బీ ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

సాయంత్రం షానవాజ్ వచ్చి అంతా విని, గోడకు వేలాడుతున్న తెల్ల వైరు చుట్టబోయాడు.

“దాన్ని తియ్యద్దు” అంది తల్లి. “సలావుద్దీన్ వచ్చే నెల్లో మళ్లా గుంపును తీసకపోతా ఉండాడంట. పోయే ముందర మాఫ్ అడగడానికి నా కాడికి రావాల గదా. రానీ.”